చివరి వాయిదా దాకా బండి ఎవరిది?

అప్పు విషయంలో తెలుగువాడి దగ్గర మొదట్నుంచీ రెండు మాటలున్నాయి. ఎదుటివాడు అప్పు చేస్తే "అప్పు చేసి పప్పు కూడు" అని దెప్పుతాడు. అదే మనిషి కొడుకుని ఒళ్ళో కూర్చోపెట్టుకుని సుమతీ శతకం నేర్పిస్తాడు. ఎలాంటి ఊళ్ళో కాపురం ఉండాలో చెప్పేటప్పుడు ఆ శతకకారుడు వైద్యుడికన్నా, ఎండిపోని ఏటికన్నా ముందు అప్పిచ్చేవాణ్ణి లెక్కపెట్టాడు. అప్పు తప్పంటూనే, అప్పు పుట్టని ఊళ్ళో ఉండొద్దనడం మనకే చెల్లింది. ఇందులో నాకు వైరుధ్యమేమీ కనపడదు. అప్పు అవసరమూ నిజమే, దాని భయమూ నిజమే.

ఏటా మంచు కరిగి ఏప్రిల్ వచ్చేసరికి టొరంటో చుట్టుపక్కల మన కుర్రకారుకి మోటార్‌సైకిల్ మీద మనసు పోతుంది. తల్లిదండ్రులు వద్దంటారు, కుర్రాళ్ళు వినరు. చివరికి ఎవరో ఒకరు నాలాంటి పెద్దవాడి దగ్గరకొచ్చి అడుగుతారు: "అంకుల్, క్యాష్ పెట్టి కొనేయనా, ఫైనాన్స్ తీసుకోనా?" ఇది వడ్డీ లెక్కతో తేలిపోయే ప్రశ్న అని వాళ్ళు అనుకుంటారు. లెక్క కావలసిందే. కానీ ఈ ప్రశ్నకి నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర పొడుగునా మనుషులు పోట్లాడింది వడ్డీ గురించి ఎంతో, "డబ్బు పూర్తిగా కట్టేదాకా వస్తువు ఎవరిది?" అన్న దాని గురించీ అంతే. ఆ రెండో సంగతి గుర్తు చేయడానికే ఈ వ్యాసం.

ముందు లెక్క

12,000 డాలర్ల బండిని 8 శాతం వడ్డీకి ఐదేళ్ళ వాయిదాల మీద కొన్నామనుకోండి. నెలకి దాదాపు 243 డాలర్లు పడుతుంది. అరవై నెలలకి కట్టేది 14,600. అంటే వడ్డీ కింద పోయింది 2,600 డాలర్లు. అదే డబ్బు చేతిలో ఉండి, బ్యాంకులో 3 శాతం డిపాజిట్‌లో పడి ఉంటే, దాన్ని అక్కడే ఉంచి 8 శాతానికి అప్పు తెచ్చుకోవడంలో అర్థం లేదు.

డీలరు "సున్నా శాతం" అన్నప్పుడే జాగ్రత్తగా ఉండాలి. 12,000 బండికి మూడేళ్ళ సున్నా వడ్డీ వాయిదాలైనా ఇస్తామని, నగదు కడితే వెయ్యి తగ్గిస్తామని అంటారు. అప్పుడు బండి అసలు ధర 11,000 అన్నమాట. మిగిలిన వెయ్యి వడ్డీయే, పేరు మారిందంతే. లెక్క కడితే అది ఏడాదికి 5.7 శాతం దాకా తేలుతుంది.

మనదేశంలో దీనికి అన్నలాంటిది "ఫ్లాట్ రేటు". పది శాతం ఫ్లాట్ అని చెప్పి, మొత్తం అసలు మీద మూడేళ్ళకీ వడ్డీ వేసి, దాన్ని 36 నెలలకి పంచుతారు. నెలనెలా అసలు తీరిపోతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే నడుస్తుంది. నిజానికి అది 18 శాతానికి దగ్గర. మన పల్లెల్లో వడ్డీవ్యాపారి "నూటికి రూపాయిన్నర" అని ఉన్నమాట చెప్పేవాడు. ఆ మాటా ఈ పది శాతమూ ఒకటేనని షోరూములో ఎవరూ చెప్పరు.

కెనడాలో ఇంకొకటుంది. ఇక్కడ చాలాచోట్ల బండి ఏడాదిలో సగం రోజులు దుప్పటి కప్పుకుని గరాజ్‌లో ఉంటుంది. జనవరిలో మైనస్ ఇరవైలో కూడా వాయిదా మాత్రం తారీఖు తప్పకుండా వస్తుంది. అప్పిచ్చినవాడు బండికి పూర్తి ఇన్సూరెన్స్ ఉండితీరాలంటాడు గనక ఆ ఖర్చూ కలుపుకోవాలి. ఇంతవరకూ లెక్క. ఇక కథలోకి వద్దాం.

రొక్కం బోర్డు, లీన్ నోటు

1869లో టిమొతీ ఈటన్ అనే ఐర్లండ్ నుంచి వచ్చిన వ్యాపారి టొరంటో యంగ్ స్ట్రీట్‌లో కొట్టు పెట్టి రెండు నియమాలు పెట్టుకున్నాడు: బేరం లేదు, అప్పు లేదు. అప్పటిదాకా బజారు నడిచిన తీరు మన ఊరి కోమటి కొట్టు తీరే. ఖాతా రాయించుకోవడం, పంట వచ్చాక తీర్చడం, మనిషిని బట్టి ధర. అప్పు ఎగ్గొట్టేవాళ్ళ నష్టం ధరలో కలిసిపోయేది గనక, సక్రమంగా కట్టేవాడు కట్టనివాడి బాకీ కూడా మోసేవాడు. ఈటన్ అప్పు మానేసి ధర తగ్గించాడు. కొట్టు పెరిగి దేశమంతా తెలిసిన డిపార్ట్‌మెంట్ స్టోరైంది, 1999లో మూతపడింది. నగదు బేరంలో లాభం కొన్నవాడికే కాదు, అమ్మినవాడికీ ఉందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కానీ రొక్కం ఇచ్చి కొనడం నెల జీతం వచ్చే పట్నంవాడికి కుదిరినట్టు రైతుకి కుదరదు. కోతయంత్రం పంట చేతికి రాకముందే కావాలి. కుట్టుమిషను అమ్మే సింగర్ కంపెనీ అమెరికాలో 1856 నుంచే వాయిదాల పద్ధతి మొదలుపెట్టింది. కెనడాలో వ్యవసాయ యంత్రాల కంపెనీలు రైతు దగ్గర "లీన్ నోటు" రాయించుకుని యంత్రం ఇచ్చేవి. మన ప్రోనోటుకి ఇది చుట్టమే గానీ ఇందులో ఒక మెలిక ఉంది. యంత్రం రైతు పొలంలో ఉంటుంది, హక్కు మాత్రం చివరి పైసా ముట్టేదాకా కంపెనీదే. పంట పోతే యంత్రమూ పోతుంది, అప్పటిదాకా కట్టిన డబ్బూ పోతుంది.

దీనివల్ల మూడో మనిషికీ ప్రమాదమే. యంత్రం రైతుదే అనుకుని ఎవరైనా కొంటే? అందుకే 1880ల చివర్లో అంటారియో చేసిన చట్టంలో, ఇలా అమ్మిన వస్తువు మీద అమ్మకందారు పేరు, చిరునామా కనపడేలా ఉండాలన్న నియమం పెట్టారు. మన ఆటోల వెనకా లారీల మీదా "హైపాథికేటెడ్ టు" అని ఫైనాన్స్ కంపెనీ పేరు రాసి ఉండటం చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. అదే భయానికి అదే మందు.

ఫోర్డు ఓడిపోయిన పందెం

మోటారు బండ్లు వచ్చాక ఈ వ్యవహారం పెద్దదైంది. 1919లో జనరల్ మోటార్స్ తన కార్లు కొనేవాళ్ళకి అప్పివ్వడానికే జి.ఎం.ఎ.సి. అనే సంస్థ పెట్టింది. దాని తొలి శాఖల్లో టొరంటో ఒకటి. హెన్రీ ఫోర్డుకి అప్పంటే గిట్టదు. 1923లో ఆయన ఒక ఎదురు పథకం తెచ్చాడు. వారానికి ఐదు డాలర్ల చొప్పున బ్యాంకులో జమ చేస్తూ పోవాలి, ధర పూర్తయిన రోజున కారు ఇస్తారు. పద్ధతిగా చూస్తే ఫోర్డుదే మంచిది. వడ్డీ లేదు, జప్తు లేదు. కానీ చేరినవాళ్ళలో చాలామంది చివరిదాకా నిలవలేదు. ఫోర్డు కారు కోసం ఏళ్ళు జమ చేస్తూ కూర్చుంటే పక్కింటివాడు వాయిదాల మీద షెవర్లే కొనుక్కుని తిరుగుతున్నాడు. 1928లో ఫోర్డు కంపెనీ కూడా అప్పులిచ్చే సంస్థ పెట్టుకోక తప్పలేదు.

మోటార్‌సైకిళ్ళదీ ఇదే దారి. హార్లీ-డేవిడ్సన్ 1920లలోనే కిల్బర్న్ ఫైనాన్స్ అనే పేరుతో కొనుగోలుదారులకి అప్పిచ్చే సంస్థ నడిపింది. వాంకూవర్‌లో ఫ్రెడ్ డీలీ 1914లో పెట్టిన చిన్న కొట్టు తర్వాత్తర్వాత కెనడా మొత్తానికి హార్లీ పంపిణీదారైంది. ఈ నూరేళ్ళలో బండి అమ్మడం, అప్పు అమ్మడం ఒకే గుమ్మం కిందికి వచ్చాయి. ఎంతగానంటే, 2008 ఆర్థిక సంక్షోభంలో వాయిదాలు వసూలు కాక, కొత్త అప్పులివ్వడానికి డబ్బు చాలక, 2009 ఫిబ్రవరిలో హార్లీ కంపెనీ వారెన్ బఫెట్ సంస్థ దగ్గర 30 కోట్ల డాలర్లు 15 శాతం వడ్డీకి తెచ్చుకుంది. మనకి అప్పిచ్చేవాడు కూడా అప్పు తెచ్చే ఇస్తాడు. ఆ 15 శాతం చివరికి ఎవరి వాయిదాల్లోంచి రావాలో ఆలోచించుకోండి.

డబ్బుంది, బండి లేదు

ఫోర్డు పథకం ఓడిపోయిందన్నాను. కానీ "ముందు కట్టు, తర్వాత తీసుకో" అన్న పద్ధతి ఇంకో దేశంలో పాతికేళ్ళకి పైగా నడిచింది. అది మనదే.

ప్రభుత్వం లైసెన్సు ఇచ్చినన్ని స్కూటర్లే కంపెనీ తయారుచేయాలి. 1960 నుంచి స్కూటర్ల పంపిణీకి కంట్రోల్ ఆర్డరు ఉండేది. పోస్టాఫీసులో డిపాజిట్ కట్టి, పేరు రాయించుకుని, వరసలో నిలబడాలి. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. దానికోసం పదేళ్ళ దాకా ఎదురుచూసినవాళ్ళున్నారు. పెళ్ళికి ముందు పేరు రాయిస్తే పిల్లాడు బడికెళ్ళే నాటికి బండి వచ్చేది. హైదరాబాదులో ఆల్విన్ వాళ్ళ పుష్పక్ లాంటి బండ్లు ఉన్నా బజాజ్ వరస తగ్గలేదు. కొత్త బండికన్నా ఏడాది వాడిన బండి ఖరీదెక్కువ పలికేది, ఎందుకంటే అది ఈ రోజే దొరుకుతుంది. వడ్డీ లేనట్టే ఉంటుంది గానీ ఆ తేడాయే వడ్డీ. మన డిపాజిట్ల మీద ఇంకొకరు వ్యాపారం చేసేవారు. అప్పిచ్చింది మనం, ఎదురుచూసిందీ మనమే.

ఈ వరసకి ఒక దొడ్డిదారి ఉండేది, అది మనలాంటివాళ్ళ చేతుల్లోనే ఉండేది. విదేశీ మారకద్రవ్యంలో ధర కడితే వరసతో పని లేకుండా బండి ఇచ్చేవారు. 1967లో కెనడా పాయింట్ల పద్ధతి తెచ్చాక ఇక్కడికొచ్చిన మా తరానికి, పండగ శుభాకాంక్షల కింద "ఒక స్కూటరు సంగతి చూడగలవా" అన్న వాక్యంతో ఉత్తరాలు వచ్చేవి. నాకూ వచ్చింది. మా బాబాయి కొడుకుది ఊరూరా తిరిగి మందులు అమ్మే ఉద్యోగం. బండి ఉంటే రోజుకి నాలుగు ఊళ్ళు, లేకపోతే బస్సు దయ. డాలర్లు పంపాను, నెలల్లో బండి వచ్చింది. ఆ వీధిలోనే ఒక మాస్టారు ఆరేళ్ళ నుంచి వరసలో ఉన్నారట. ఆయన దగ్గర రూపాయలున్నాయి, పూర్తిగా ఉన్నాయి. నగదు ఉన్నంత మాత్రాన కొనగలిగినట్టు కాదని, నగదులో కూడా మొదటి తరగతీ మూడో తరగతీ ఉంటాయని ఆ వీధి అంతా చూసింది.

1984లో హీరో హోండా కంపెనీ ఏర్పడి, మరుసటి ఏడు సి.డి.100 బండి రోడ్డెక్కాక పోటీ పెరిగి వరస కరిగింది. 1987లో బజాజ్ కంపెనీయే బండ్లకి అప్పులిచ్చే సంస్థ పెట్టింది. నిన్నటిదాకా కొనేవాడి డిపాజిట్ ముందుగా పుచ్చుకున్న కంపెనీ ఇప్పుడు కొనేవాడికి ఎదురు అప్పిస్తానంది. ఎదురుచూడాల్సింది ఎవరన్నది అలా తిరగబడింది.

చీటీ, కేస్ పాప్యులేర్

నగదుకీ ఫైనాన్స్‌కీ మధ్య మూడో దారి మనకి ఎప్పట్నుంచో తెలుసు: చీటీ. ఇరవైమంది నెలకి వెయ్యి చొప్పున వేస్తారు. నెలకొకరు పాడుకుంటారు. బండి అవసరమైనవాడు తొందరగా, ఎక్కువ తగ్గించి పాడతాడు. ఆగగలిగినవాడు ఆ తగ్గింపులో వాటా పంచుకుని చివర్లో ఎత్తుకుంటాడు. వీళ్ళలో సగంమంది అప్పు తీసుకున్నట్టు, సగంమంది పొదుపు చేసినట్టు, బయటివాడెవడూ లేడు. మార్గదర్శి హైదరాబాదులో 1962లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌కి 1971లోనే చిట్‌ఫండ్ చట్టం ఉంది, దేశమంతటికీ 1982లో వచ్చింది. చట్టాలు ఎందుకు కావలసివచ్చాయో చీటీ డబ్బుతో రాత్రికి రాత్రి ఇంటికి తాళం పెట్టి పారిపోయినవాళ్ళని చూసిన ఊళ్ళకి చెప్పక్కర్లేదు.

కెనడాలో దీనికి దగ్గరిది క్విబెక్‌లో పుట్టింది. ఆల్ఫాన్స్ డెజార్డాన్ ఒట్టావా పార్లమెంటులో ఫ్రెంచి ప్రసంగాలు రాసుకునే స్టెనోగ్రాఫరు. 1897లో వడ్డీల మీద చర్చ జరుగుతుండగా, మాంట్రియల్‌లో 150 డాలర్లు అప్పు తీసుకున్న మనిషి 5,000 డాలర్ల వడ్డీ కట్టాల్సి వచ్చిందని ఒక సభ్యుడు చెబితే విని కలవరపడ్డాడు. మూడేళ్ళు ఐరోపా సహకార బ్యాంకులని చదివి, 1900 డిసెంబరులో లెవీ పట్నంలో తన ఊరివాళ్ళని కూడగట్టి మొదటి కేస్ పాప్యులేర్ పెట్టాడు. మొదట్లో ఆఫీసు వాళ్ళ ఇల్లే. ఆయన లేనప్పుడు భార్య డొరిమెన్ పనులు చూసేది. తొలిరోజు వసూలైంది 26 డాలర్ల 40 సెంట్లు.

ఆ 1897లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి రైతుల అప్పుల మీద రాసిన నివేదిక రెండో భాగం వచ్చింది. మన కోస్తా జిల్లాలు, సీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. జర్మనీలో రైఫైజన్ పెట్టిన సహకార సంఘాల్లాంటివే మనకీ కావాలని ఆయన తేల్చాడు. 1904లో దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. సెయింట్ లారెన్స్ ఒడ్డునా కృష్ణ ఒడ్డునా ఒకే జబ్బుకి ఒకే కాలంలో ఒకే వైద్యం వెతికారని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ఇక్కడి క్రెడిట్ యూనియన్‌లో అడుగుపెట్టే మన కుర్రాళ్ళకి ఈ సంగతి తెలియాలి.

లాక్కుపోయే హక్కు

ఇక అసలు ప్రశ్న. వాయిదాలు ఆగిపోతే?

కెనడాలో బ్యాంకులు చాలాకాలం సామాన్యుడికి బండి కోసం అప్పిచ్చేవి కావు. 1954 బ్యాంకు చట్టంతో బండిని తాకట్టు పెట్టుకుని అప్పిచ్చే వీలు వాటికి దొరికింది; 1967లో ఆరు శాతం వడ్డీ పరిమితి పోయింది. అంతకుముందు ఫైనాన్స్ కంపెనీలదే రాజ్యం. 1939 నాటి చిన్న అప్పుల చట్టం 500 డాలర్ల లోపు అప్పుకి నెలకి రెండు శాతం దాకా అనుమతించింది. మన భాషలో నూటికి రెండు రూపాయల వడ్డీ. చట్టం వచ్చాక ఇంత అంటే, రాకముందు ఎంతో ఊహించుకోవచ్చు. 1980లో దాని బదులు క్రిమినల్ కోడ్‌లో ఏడాదికి 60 శాతం దాటితే నేరమన్నారు. చక్రవడ్డీ లెక్కన అది నాలుగు రూపాయల వడ్డీ. 2025 జనవరి 1 నుంచి దాన్ని 35 శాతానికి దించారు. ఇప్పుడు మూడు రూపాయలకి కాస్త తక్కువ.

బండి మీద హక్కు సంగతిలో ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరు. అంటారియో 2002 చట్టం ప్రకారం మూడింట రెండు వంతులు కట్టేసినవాడి దగ్గర్నుంచి కోర్టు అనుమతి లేకుండా వస్తువు వెనక్కి తీసుకోకూడదు. క్విబెక్‌లో సగం కట్టినా ఆ రక్షణ ఉంది. బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టాల్లో అప్పిచ్చినవాడు బండైనా పట్టుకోవాలి, దావా అయినా వేయాలి, రెండూ కుదరవు. బండి పట్టుకుపోయి, చవగ్గా అమ్మేసి, మిగతా బాకీ కోసం మళ్ళీ మనిషి మీద పడకుండా పెట్టిన కట్టు అది. ఇవన్నీ ఒక్కటే ఒప్పుకుంటున్నాయి: కాగితం మీద పేరు ఎవరిదైనా, సగం పైగా కట్టినవాడికి ఆ బండిలో వాటా ఉంది.

మనదేశంలో ఇలాంటి రక్షణే ఇస్తూ 1972లో హైర్ పర్చేజ్ చట్టం చేశారు. అది ఒక్కరోజు కూడా అమలులోకి రాకుండానే 2005లో రద్దయింది. ఈ లోపల ఆర్.సి. పుస్తకంలో ఫైనాన్స్ కంపెనీ ముద్ర పడిన బండ్లు లక్షల కొద్దీ రోడ్డెక్కాయి. వాయిదా తప్పితే నలుగురు మనుషులొచ్చి నడిరోడ్డు మీద తాళం లాక్కుని పోయే సంస్కృతీ వచ్చింది. బలప్రయోగంతో బండ్లు స్వాధీనం చేసుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2007లో చెప్పవలసివచ్చింది. పాలమ్ముకునేవాడికి బండి పోవడమంటే మర్నాడు పొద్దున్న పాలు ఎక్కడివక్కడే ఉండిపోవడం. వాయిదా తప్పింది ఒక నెలే. బండి పోయాక మిగతా నెలలూ కట్టలేడు.

నగదు ఇచ్చేవాళ్ళకీ ఒక మాట. పాత బండి ఎవరి దగ్గరో రొక్కం ఇచ్చి కొంటారు. దాని మీద పాత యజమాని అప్పు మిగిలి ఉంటే ఆ తాకట్టు బండితోపాటే మీ ఇంటికొస్తుంది. మీరు పూర్తిగా డబ్బిచ్చినా బండి మీది కాకుండా పోవచ్చు. అంటారియోలో ప్రైవేటుగా అమ్మేవాడు కొనేవాడికి ఒక సమాచార పత్రాల కట్ట ఇవ్వాలి. బండి మీద తాకట్లు ఏమున్నాయో అందులో ఉంటుంది. అది చదవకుండా డబ్బు తీయకండి. వెనకటి యంత్రాల మీద పేరు రాయించిన చట్టానికి ఇది ముని మనవడు.

నేను చెప్పే సమాధానం

కొత్తగా వచ్చినవాడికి ఇక్కడ క్రెడిట్ హిస్టరీ ఉండదు. అతనికి నగదు ఒక ఎంపిక కాదు, అదే గతి. లేకపోతే అందరికన్నా ఎక్కువ వడ్డీ. తండ్రి ఇల్లు, ఉద్యోగం వెనక ఉన్న కుర్రాడికి తక్కువ వడ్డీకి దొరుకుతుంది. ఎప్పుడూ ఇంతే. అప్పు అవసరం లేనివాడికి అది చవగ్గా దొరుకుతుంది. అందుకే పొదుపు చేసేవాడు నీతిమంతుడనీ, అప్పు చేసేవాడు దుబారా మనిషనీ నేను అనను. సరదా కోసం బండి కొనేవాడు, డబ్బు చేరేదాకా ఆగి, నగదు పెట్టి, తగ్గింపు అడిగి కొనడమే మంచిది. బండి లేకపోతే పని దొరకనివాడు అప్పు చేసి కొనడంలో తప్పు లేదు. ఆగడానికయ్యే ఖర్చు అతనికి వడ్డీకన్నా ఎక్కువ.

ఎవరైనా సరే, సంతకం పెట్టే ముందు డీలర్ని మూడు ప్రశ్నలు అడగాలి. నగదుకైతే ధరెంత? ముందుగా తీర్చేస్తే జరిమానా ఉందా? రెండు నెలలు కట్టలేకపోతే ఏం జరుగుతుంది? మొదటి రెండింటికీ వెంటనే సమాధానం చెబుతారు. మూడోదానికి సాధారణంగా "అలా ఎందుకవుతుంది సార్" అంటారు. అప్పుడు ఒప్పందంలో ఆ పేజీ తీసి చూపించమనండి. మన ముందు తరాలవాళ్ళు, ఇక్కడా అక్కడా, యంత్రాలూ బండ్లూ పోగొట్టుకుని తెచ్చుకున్న రక్షణలన్నీ ఆ పేజీ చుట్టూనే ఉన్నాయి.